అమ్మ మోకాళ్లకు తాయ్ చి: ముందు గడప దగ్గర మొదలుపెట్టండి

దేవరకొండ నుంచి రాసిన తమ్ముడికి,

మీరు రాసింది ఇదీ: అమ్మకు 64 ఏళ్లు. మోకాళ్లు రెండూ అరిగాయని డాక్టర్ చెప్పాడు. బీపీ మాత్ర వేసుకుంటోంది. రెండు నెలల కింద బాత్రూం గడప దగ్గర తూలి పడింది. ఎముక విరగలేదు గానీ భయం పట్టుకుంది, అప్పటినుంచి వాకిట్లోకి కూడా గోడ పట్టుకునే వస్తోంది. మీరు ఫోన్లో చైనావాళ్ల నెమ్మది వ్యాయామం తాయ్ చి వీడియో ఒకటి చూశారు. ఇంత మెల్లగా కదిలితే ఏం లాభం, అసలు చేయించవచ్చా, యోగా కంటే నయమా, మన నల్లగొండ వైపు నేర్పేవాళ్లున్నారా అని అడిగారు. అమ్మ పుట్టిల్లు మన నల్లగొండ జిల్లా నాంపల్లి దగ్గర అని కూడా ఒక ముక్క రాశారు. ఆ ముక్క చాలా ముఖ్యం, దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

చేయించవచ్చు. కానీ ఆ వీడియో పెట్టి చేయించకండి. అందులో ఆయన ఒక కాలు చాపి, ఇంకో కాలి మీద దాదాపు నేలకు తగిలేలా కూర్చుంటున్నాడు. దాన్ని పాము కిందికి జారడం అంటారు. పాతికేళ్ల పిల్లాడు ఏడాది సాధన చేశాక నేర్చుకునేది అది. అరిగిన మోకాలితో చేస్తే మర్నాడు మంచం దిగడం కష్టమవుతుంది.

నేను డాక్టర్‌ని కాదు. సింగపూర్‌లో పదకొండేళ్లు బిల్డింగు పనుల్లో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేశాను. పరంజా మీద నుంచి మనుషులు పడకుండా చూడటమే నా ఉద్యోగం. మేమున్న బ్లాకు కింద పొద్దున్నే ముసలివాళ్లు ఇరవై మంది దాకా చేరి తాయ్ చి చేసేవాళ్లు. నైట్ డ్యూటీ దిగి వచ్చి నిలబడి చూసేవాణ్ని. డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దమనిషి ఒంటికాలి మీద నిలబడి ఇంకో కాలిని అలా గాల్లో ఉంచేవాడు, అరుగు మీద కూర్చుని కాలు ఊపినంత తేలిగ్గా. ఆయన దగ్గరే ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను. ఇక్కడికి తిరిగొచ్చాక పానగల్ ఉదయసముద్రం కట్ట మీద పొద్దున పది పదిహేను మందితో చేయిస్తున్నాను. ఫీజు లేదు, బోర్డు లేదు. వచ్చేవాళ్లలో సగం మంది మీ అమ్మ వయసువాళ్లే.

ఇక మొదటి ప్రశ్న. మెల్లగా చేస్తే ఏం లాభం?

మనం మామూలుగా నడిచేటప్పుడు ఊపే మనల్ని ముందుకు తీసుకుపోతుంది. కాలు నేలను తాకకముందే ఒళ్లు ముందుకు వాలి ఉంటుంది, అంటే ప్రతి అడుగూ కొంచెం పడటమే, కాలు వచ్చి ఆపుతుంది. వయసులో అది టైంకు వచ్చి ఆపుతుంది. అరవై దాటాక, తడి టైల్స్ మీదనో చీకట్లోనో ఆ కాలు అర క్షణం ఆలస్యమైతే మనిషి నేల మీద ఉంటాడు. తాయ్ చిలో ఆ ఊపును తీసేస్తాం. ఊపు లేకపోతే తొడ కండరాలు, తుంటి పక్క కండరాలు, చీలమండ చుట్టూ ఉండే చిన్న చిన్న కండరాలు, అన్నీ పని చేయక తప్పదు. బరువు ఏ కాలి మీద ఎంతుందో ఒంటికి తెలుస్తూ ఉంటుంది. చైనావాళ్లు దీన్ని ఉత్త కాలు, నిండు కాలు అంటారు. చేతులు తిప్పడం, కొంగలా రెక్కలు చాపడం, అదంతా తర్వాతి సంగతి. నా మటుకు నాకు తాయ్ చి అంటే ఈ బరువు మార్చడమే, తొంభై పాళ్లు.

అందుకే మీ అమ్మకు భంగిమలు వద్దు, ముందు గడప. ఎలాగో చెప్తాను, ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ఆమె పడింది బాత్రూం గడప దగ్గర కాబట్టి అక్కడ వద్దు, పొడిగా ఉండే గది గడప చూడండి. గడప ముందు నిలబెట్టి రెండు చేతులూ దర్వాజకు రెండు పక్కలా ఆనించమనండి. పట్టుకుని వేలాడటం కాదు, ఊరికే ఆనించడం. మీరు పక్కనే ఉండండి. పాదాల మధ్య జానెడు ఎడం. మోకాళ్లు బిగబట్టకూడదు, అలాగని వంగకూడదు. ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టే కండక్టర్ మోకాళ్లు ఎంత వదులుగా ఉంటాయో అంత. ఇప్పుడు ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి నీళ్లు ఒంపినట్టు బరువంతా ఎడమ కాలిలోకి ఒంపాలి. తొందరేం లేదు, రెండు మూడు సార్లు ఊపిరి తీసుకునేంత సేపు పట్టాలి.

కుడికాలు నిజంగా ఉత్తదైందో లేదో తెలిసేదెలా? ముందే కుడి పాదం కింద ఒక న్యూస్ పేపర్ ముక్క పెట్టండి. ఒంపడం అయ్యాక మీరు వంగి ఆ కాగితాన్ని మెల్లగా లాగండి. చిరగకుండా వచ్చిందంటే కాలు ఉత్తదైంది. చిరిగితే ఇంకా అక్కడ బరువుంది. మొదటి రోజు తప్పకుండా చిరుగుతుంది, చూడండి. మనమంతా ఒక కాలి మీద నిలబడ్డామనుకుని రెండో కాలికి సగం బరువు అప్పు పెడతాం.

కాగితం తీసేశాక ఆ ఉత్త కాలిని ఎత్తి గడప దాటించి అవతల మడమ మాత్రమే ఆనించాలి. ఇంకా బరువు వేయొద్దు. నేల గట్టిగా ఉందా, తడిగా ఉందా అని కాలితో అడిగినట్టు. తర్వాత పాదం పూర్తిగా ఆనించి అప్పుడు నీళ్లు అటు ఒంపాలి. మళ్లీ ఇటు ఒంపుకుని కాలిని వెనక్కి తెచ్చుకోవాలి. ఒక్కో కాలికి ఐదు సార్లు, పొద్దున, సాయంత్రం. రెండు వారాలు ఇంతే. ఇంకేం చేయించకండి.

ఈ మాట కట్ట మీద మొదటిసారి చెప్పినప్పుడు తిప్పర్తి వైపు నుంచి వచ్చే ఒకామె ఫక్కున నవ్వింది. "గిదేనా సారూ! కరిగెట్ల నాటేసేటప్పుడు మేం నడిచేది గిట్లనే గద" అంది. నిజమే. నాట్లేసే ఆడవాళ్లు బురదలో వెనక్కి వెనక్కి నడుస్తారు. వెనక కాలు అడుగు దొరికేదాకా బరువు వేయరు, వేస్తే కూలబడతారు. ఆమెకు నేను నేర్పింది పెద్దగా లేదు. ముప్పై ఏళ్లు చేసిన పనిని, కూలి మానేసి కొడుకు ఇంట్లో టైల్స్ మీద పదేళ్లు కూర్చుని మర్చిపోయింది, అంతే. మీ అమ్మ కూడా వ్యవసాయం చేసిన మనిషి అయితే నాట్లు గుర్తు చేయండి, నా వివరణ కంటే తొందరగా ఎక్కుతుంది.

తాయ్ చిలో నిజంగానే ఒక వెనకడుగు భంగిమ ఉంది. దాని పేరు కోతిని వెనక్కి నెట్టడం. ఆ పేరు చెప్పగానే కట్ట మీద నవ్వులే నవ్వులు. మన ఊళ్లలో కోతులు పెరట్లోకి దిగి జామకాయలు, చిక్కుడుకాయలు ఏమీ మిగల్చకుండా పోతున్నాయి కదా. "వెనక్కి నడుసుకుంట నెడితే కోతి పోతదా సారూ, కట్టె కావాలె" అన్నారు. అప్పటినుంచి మా దగ్గర దాని పేరు కట్టె భంగిమ.

ఇక మోకాలి సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేర్చుకున్న మూడో ఏట నాకు గర్వం వచ్చింది. ఎంత కిందికి కూర్చుంటే అంత గొప్ప అనుకున్నాను. పైగా నడుం తిప్పేటప్పుడు బరువున్న పాదాన్ని అలాగే సిమెంటు మీద మెలితిప్పేవాణ్ని. ఒక రోజు కుడి మోకాలు లోపలి వైపు కలుక్కుమంది. మూడు నెలలు మెట్లు దిగలేకపోయాను. మా పెద్దాయన తిట్టలేదు, కోప్పడలేదు, ఆ మూడు నెలలూ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చేతులు మాత్రమే చేయించాడు. అదే పెద్ద శిక్ష.

కాబట్టి అమ్మ విషయంలో రెండు మాటలు గట్టిగా పట్టుకోండి. బరువున్న పాదాన్ని ఎప్పుడూ తిప్పకూడదు. తిరగాలంటే ముందు బరువు తీసేయాలి, ఉత్త పాదాన్ని తిప్పుకోవాలి, తర్వాతే మళ్లీ బరువు. రెండోది, వంగిన మోకాలు బొటనవేలి పక్క వేలి వైపే చూడాలి, లోపలికి ఒరగకూడదు. లోతు అసలు అవసరం లేదు. మోకాలు వంచింది పక్కవాళ్లకు కనిపించనంతే వంచినా పని జరుగుతుంది. కొన్నేళ్ల కింద మా బంధువు ఒకాయన హైదరాబాద్‌లో ఎక్కడో శని, ఆదివారాల క్యాంపుకు డబ్బులు కట్టి వెళ్లాడు. రెండు రోజుల్లో 24 భంగిమలు నేర్పి సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. ఆయన మోకాలు వాచి ఇంటికొచ్చాడు. సర్టిఫికెట్ మాత్రం ఫ్రేము కట్టించుకున్నాడు.

మరి మోకాళ్లకు నిజంగా పనిచేస్తుందా? నేను చెప్పే మాట కంటే పరిశోధన మాట వినండి. అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న 204 మంది మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. సగం మందికి పన్నెండు వారాలు వారానికి రెండుసార్లు తాయ్ చి, మిగతావాళ్లకు ఫిజియోథెరపీ. నొప్పి తగ్గడంలో రెండూ సమానంగా వచ్చాయి. అంటే ఫిజియోథెరపీని మించిన మంత్రం కాదు, దానికి తీసిపోయేదీ కాదు. అరిగిన గుజ్జు తిరిగి వస్తుందని ఎవరన్నా చెప్తే నమ్మకండి. చుట్టూ ఉన్న కండరం గట్టిపడి కీలు మీద భారం తగ్గుతుంది, భయం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది.

నాకు ఇంకా నచ్చింది పడిపోవడం మీద చేసిన పని. డెబ్బై దాటి, అంతకుముందు ఏడాదిలో పడ్డవాళ్లు లేదా నడక తడబడుతున్నవాళ్లు 670 మందిని తీసుకుని అమెరికాలోని ఆరెగాన్‌లో ఆరు నెలలు చూశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. ఊరికే ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే తాయ్ చి చేసినవాళ్లు పడటం 58 శాతం తక్కువ. బలం, నడక, బ్యాలెన్స్ కలిపి చేయించిన గుంపుతో పోల్చినా 31 శాతం తక్కువే. సేఫ్టీ ఉద్యోగం చేసినవాడిగా చెప్తున్నాను, సైటు మీద ఇలాంటి లెక్క చూపిస్తే మేనేజర్లు ఎగిరి గంతేస్తారు. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు ఉన్నవాళ్ల మీద కూడా 2012లో మంచి ఫలితాలు వచ్చాయి.

బీపీకి కూడా కొంత ఉపయోగమే. బీపీ హద్దు మీద ఉన్న 342 మందిని చైనాలో ఏడాది పాటు గమనించారు. తాయ్ చి చేసినవాళ్లకు పై బీపీ సుమారు 7 పాయింట్లు తగ్గింది, వేగంగా నడవడం, సైకిల్ లాంటివి చేసినవాళ్లకు 4.6 దాకా. కానీ వాళ్లు ఇంకా బీపీ మందు దాకా రానివాళ్లు. మీ అమ్మ మాత్ర వేసుకుంటోంది. ఒక నెల చేసి బీపీ బాగుందని మాత్ర ఆపేయడం మన దగ్గర రోజూ చూసే కథ. మాత్ర తగ్గించాలో లేదో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు నాంపల్లి సంగతి.

నాంపల్లి, మర్రిగూడ, మునుగోడు వైపు పుట్టి పెరిగినవాళ్లంటే ముందు ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదు. ఆ బోరు నీళ్లలో అది ఎన్నో రెట్లు ఉన్న కాలంలో మీ అమ్మ పెరిగి ఉంటుంది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నా, చిన్నప్పుడు ఎముకలో చేరింది అంత తొందరగా పోదు. కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు, వాటిని డాక్టర్లు లిగమెంట్లు అంటారు, సున్నం పట్టినట్టు గట్టిపడతాయి. వెన్ను బిగుసుకుపోతుంది. కొందరిలో వెన్నుపాము మీద ఒత్తిడి కూడా పడుతుంది.

అందుకని మీరే ఇంట్లో చూడండి. అమ్మ మెడ రెండు పక్కలా తిరుగుతోందా? గడ్డం ఛాతీకి దగ్గరగా వస్తోందా? కాళ్లలో తిమ్మిర్లు, మంటలు, కర్రలా బిగుసుకుపోవడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం ఉన్నాయా? ఇందులో ఏదున్నా ఆమె పడటానికి కారణం మోకాలు కాకపోవచ్చు. ముందు ఎముకల డాక్టర్‌కు చూపించి ఫ్లోరైడ్ ప్రాంతం మనిషి అని నోరు తెరిచి చెప్పండి. అడగకపోతే చాలామంది మోకాలికే ఎక్స్‌రే తీసి పంపేస్తారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అలాంటి వెన్ను ఉన్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లతో కుర్చీలోనే చేయిస్తాను, మెడ తిప్పనివ్వను, నడుం మెలిపెట్టనివ్వను. బిగుసుకున్న వెన్ను తాయ్ చితో వంగుతుందని నేను అనను. కుర్చీలోంచి చేతులు ఉపయోగించకుండా లేవగలుగుతున్నారు, అది మాత్రం చూశాను.

యోగా కంటే నయమా అన్నారు. యోగా చేసే మనిషైతే యోగానే చేయనివ్వండి, గొడవేం లేదు. మీ అమ్మకు కింద కూర్చుని లేవడమే కష్టం కాబట్టి నిలబడి చేసేది వీలవుతుంది, అంతే తేడా. నడక మానొద్దు.

ఇది బౌద్ధమా, వేరే మతమా అని ఇంట్లో ఎవరన్నా అడిగితే: ఇది మొదట కుస్తీ లాంటి యుద్ధ విద్య. 17వ శతాబ్దంలో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్ ఇంటిపేరువాళ్ల ఊళ్లో పుట్టిందని చెప్తారు. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ అక్కడ నేర్చుకుని బీజింగ్‌కు తీసుకెళ్లాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ నేర్పిన నెమ్మది పద్ధతే ఇప్పుడు పార్కుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. 1956లో చైనా ప్రభుత్వం జనం ఆరోగ్యం కోసం దాన్ని కుదించి 24 భంగిమలు చేసింది. 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. బోధిధర్ముడు అనే బౌద్ధ భిక్షువు దీన్ని మన దగ్గర నుంచి తీసుకెళ్లాడని వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆయన కథలు కుంగ్‌ఫూకు పేరున్న షావోలిన్ మఠానివి, దీనివి కావు. మన నాగార్జునకొండ పేరుతో కలిపి చెప్పుకునే బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి గ్రంథాలను కుమారజీవుడు అనే భిక్షువు చైనా భాషలోకి మార్చిన మాట నిజమే, అది 5వ శతాబ్దం నాటి వేరే కథ. ఇంకో మాట, తాయ్ చి అన్నప్పుడు ఆ చి అంటే ప్రాణశక్తి కాదు. చైనా భాషలో ఆ శక్తి మాట వేరు, ఇది వేరు. ఇక్కడ చి అంటే చివరి హద్దు, పరమ హద్దు అన్న అర్థం. అమ్మకు ఇవేవీ అక్కర్లేదు, మీరు అడుగుతారని రాశాను.

భంగిమల పేర్ల మాట వచ్చింది కాబట్టి చండూరు వైపు నేత పెద్దాయన ఒకరి ముచ్చట. 24లో ఒకదాని పేరు అందగత్తె నాడె ఆడించడం. నాడె అంటే మగ్గం మీద నూలు పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తేది. నేను ఒక చెయ్యి పైకి లేపి, ఇంకో చెయ్యి ముందుకు తోసి చూపించాను. ఆయన కాసేపు చూసి, "నాడెను చేత్తోని ఇసరరు సారూ. గుంజు తాడు గుంజితె అదే ఉరుకుతది. మా తాతలు చేత్తోని ఇసిరేటోళ్లు, గప్పటిదేమో గిది" అన్నాడు. తర్వాత ఆయనే చేసి చూపించాడు. నలభై ఏళ్లు గుంతమగ్గంలో కూర్చున్న మనిషి, మోకాళ్లు అంతంత మాత్రం, కానీ ఆ భుజం కదలిక నాకంటే ఎంతో చక్కగా వచ్చింది. ఇప్పుడు ఆ ఒక్కటీ ఆయనే చేయిస్తాడు, మేం చూసి చేస్తాం.

రెండు వారాల గడప అయ్యాక ఏం చేయాలంటే, మబ్బుల్లా చేతులు అనే భంగిమ ఒక్కటి పట్టుకోండి. పక్కకు అడుగు, పక్కకు అడుగు, చేతులు మొహం ముందు మెల్లగా పోతూ ఉంటాయి. మోకాలికి భారం తక్కువ. దాన్ని నెల చేశాక ఎనిమిది భంగిమల చిన్న వరుస నేర్పించండి. 24 ఎప్పుడొస్తే అప్పుడు, రాకపోయినా నష్టం లేదు. వీడియో చూసి నేర్చుకుంటే మాస్టర్ వీపు కనిపించే వీడియోనే ఎంచుకోండి, మొహం కనిపించేదైతే ఎడమ కుడి తారుమారై ఆమెకు చిరాకొస్తుంది. వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. మూడు నెలల లోపు ఫలితం లెక్కపెట్టకండి.

ఇక చిన్న చిన్న సంగతులు. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి, పంజాబీ డ్రెస్ వద్దంటే కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి. హవాయి చెప్పులు వద్దు, పల్చటి అడుగున్న కాన్వాస్ బూట్లు కొనివ్వండి. షుగర్ కూడా ఉంటే, మీరు రాయలేదు గానీ, మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో చేయించకండి. ఎండాకాలంలో ఆరున్నర దాటితే మన దగ్గర కట్ట మీద నిలబడలేం, అప్పుడు ఇంట్లోనే ఫ్యాన్ కింద. ఊపిరి ఎలా తీసుకోవాలని అడుగుతారు అందరూ. ముక్కుతో, మామూలుగా. ఊపిరి బిగబట్టకపోతే చాలు, బీపీ ఉన్నవాళ్లకు అదొక్కటే షరతు. నొప్పి చేసేటప్పుడు పెరిగి, గంటలో మామూలైతే పర్వాలేదు. మర్నాటికీ ఉందంటే ముందు రోజు ఎక్కువ చేశారని లెక్క, సగం తగ్గించండి.

నేర్పేవాళ్లు దేవరకొండలో ఉన్నట్టు నాకు తెలియదు. కరాటే నేర్పే వాళ్లలో కొందరు ఇదీ నేర్పుతామంటారు. వెళ్లి ఒక రోజు చూడండి. పెద్దవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి చేయించడం వచ్చా అని అడగండి. తెల్లమొహం వేస్తే వచ్చేయండి. నల్లగొండకు పనిమీద వచ్చినప్పుడు అమ్మను ఒకసారి ఉదయసముద్రం కట్ట దాకా తీసుకురండి, పొద్దున ఐదున్నరకు ఉంటాం. చలికాలమైతే ఆరు.

ఒక్కటి మాత్రం ఇవాళే చూసి పెట్టుకోండి. అమ్మ బయటికి వచ్చేటప్పుడు చెప్పులు ఎలా వేసుకుంటోంది? గోడ పట్టుకునా, అరుగు మీద కూర్చునా? రోజూ అడగకండి, చేయమని చెప్పకండి, ఊరికే గమనిస్తూ ఉండండి. మోకాలి నొప్పి ఎంత తగ్గిందని ఆమెను అడిగితే మీరు సంతోషపడేదే చెప్తుంది. ఏదో ఒక రోజు తనకు తెలియకుండానే గోడ పట్టుకోకుండా నిలబడి చెప్పు తొడుక్కుంటుంది. ఆ తేదీ నాకు రాయండి.